రెండు గాలా సాయంత్రాలకు ఒక్క చిన్న పెట్టె

(తెరపై: సౌతాంప్టన్ రేవులో క్వీన్ మేరీ 2)

క్వీన్ మేరీ 2 అనే ఈ ప్రయాణికుల ఓడ సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ చేరడానికి మామూలుగా 7 రాత్రులు తీసుకుంటుంది. వాటిలో సాధారణంగా 2 గాలా సాయంత్రాలు, అంటే భోజనానికి ముస్తాబై రావాల్సిన రాత్రులు. ఆ రెండింటి కోసం చాలామంది పెళ్లికి తరలినట్టు పెట్టెలు నింపుతారు. ఓడలో సామానుకు విమానంలో ఉన్నంత పట్టింపు ఉండదు కాబట్టి అప్పటికి బాగానే ఉంటుంది. కానీ ఇది ఒకవైపు ప్రయాణం. తిరిగి విమానం ఎక్కేటప్పుడు తూకం దగ్గర తెలుస్తుంది.

(తెరపై: పాతకాలపు ఓడ పెట్టెలు, వాటిమీద చీటీలు)

పూర్వం పెద్ద పెట్టెలకు ‘ప్రయాణంలో అక్కర్లేదు’ అని చీటీ అంటించి ఓడ అడుగు అరలోకి దించేసేవారు. మొదటి రాత్రి, చివరి రాత్రి భోజనానికి ముస్తాబు అయ్యే ఆనవాయితీ ఉండేది కాదు. ఒకటి పెట్టెలు విప్పే రోజు, మరొకటి కట్టే రోజు. ఇప్పటికీ గాలా సాయంత్రాలు నడిమి రోజుల్లోనే వస్తాయి. మిగతా రాత్రులకు మగవాళ్లకు కాలర్ చొక్కా, మంచి ప్యాంటు, ఆడవాళ్లకు నలగని కుర్తా చాలు.

గాలా నాడు సాయంత్రం 6 దాటాక మగవాళ్లు డిన్నర్ జాకెట్ గానీ, ముదురు రంగు సూటు, టై గానీ వేసుకోవాలి. ఆడవాళ్లకు ఈవెనింగ్ గౌను వంటివి. వీటితోపాటు ఎవరి దేశపు సంప్రదాయ దుస్తులకైనా ఈ ఓడ నడిపే క్యూనార్డ్ కంపెనీ నియమాల్లోనే చోటుంది. మనకు కలిసొచ్చేది ఇదే. కొత్తగా గౌను కొనాల్సిన పని లేదు.

(తెరపై: మంచం మీద మడత విప్పిన ఉప్పాడ చీర)

అయితే బీరువాలో అన్నిటికంటే బరువైన కంచిపట్టు తీయకండి. ఉప్పాడ పట్టు తేలిక, మడతపెడితే చోటు తక్కువ తీసుకుంటుంది. నలుపు ఒంటి మీద సన్నని జరీ అంచు ఉన్నది ఒక్కటి చాలు, రెండు రాత్రులకూ. గాలా సాయంత్రాలకు తరచుగా నలుపు-తెలుపు, ముసుగులు వంటి ఇతివృత్తాలు పెడతారు. ఆ ప్రకారం ముస్తాబు కావడం తప్పనిసరి కాదు. మొదటి రాత్రి తెల్ల రవిక, ముత్యాలు. రెండో రాత్రి ఎర్ర రవిక, కుచ్చిళ్లు పెట్టని పైట. లోపలి లంగా ఒక్కటే. అదే చీరని ఎవరైనా గుర్తుపడతారా? మీ బల్ల దగ్గర రోజూ కూర్చునే నలుగురైదుగురు పడతారు. పట్టనివ్వండి, ఓడలో ఇంకా రెండు వేల మందికి పైగా ఉన్నారు.

మగవాళ్లకు నా సలహా నల్లటి బంద్‌గలా, అంటే మెడ దాకా మూసి ఉండే కోటు. టై అక్కర్లేదు, ప్రత్యేకమైన చొక్కా అక్కర్లేదు, మిగతా రాత్రుల్లో వేసుకునే నల్ల ప్యాంటే దానికీ సరిపోతుంది. పట్టుపంచె, కండువా కూడా నియమానికి లోబడినవే. ముచ్చటగా ఉంటుంది కూడా. కాకపోతే భోజనం అయ్యాక డెక్ మీద షికారు చేయాలనుకుంటే అట్లాంటిక్ గాలికి పంచె నిలిచేలా కట్టుకోవడం వచ్చి ఉండాలి.

పెట్టెలో చోటంతా తినేసేవి చెప్పులు, బూట్లే. నల్ల తోలు బూట్లు ఓడ ఎక్కే రోజే కాళ్లకు వేసుకోండి. ఆడవాళ్లు సన్నని ఎత్తు మడమలు ఇంట్లోనే వదిలేయడం మంచిది, నేల ఊగుతుంది. ఏసీ చలికి ఒక శాలువా.

(తెరపై: ఓడలోని లాండ్రీ గది)

కేబిన్‌లో ఇస్త్రీ పెట్టె వాడనివ్వరు, నిప్పు భయం. ఈ ఓడలో ఉచిత లాండ్రీ గదులున్నాయి, ఇస్త్రీ అక్కడే. గాలా నాటి మధ్యాహ్నం అందరికీ ఒకేసారి గుర్తొస్తుంది కాబట్టి ఉదయమే పని కానివ్వండి. చిన్న ముడతలైతే స్నానాల గది ఆవిరికే పోతాయి.

ముస్తాబు అసలే ఇష్టం లేనివాళ్లు కింగ్స్ కోర్ట్ బఫేలోనో, గోల్డెన్ లయన్ పబ్‌లోనో మామూలు బట్టల్లో తినవచ్చు. నాట్యశాలలోకి మాత్రం అలా రానివ్వరు. నార్వీజియన్ క్రూయిజ్ లైన్ వంటి కంపెనీల ఓడల్లో ఏ రాత్రీ ఇలాంటి నిర్బంధం ఉండదు. కాబట్టి టికెట్ ఏ కంపెనీదో చూశాకే బీరువా తెరవండి.

(తెరపై: కేబిన్ల వరండా, తలుపుల ముందు వరుసగా పెట్టెలు)

చివరి రాత్రి పెట్టెలన్నీ తలుపు బయట పెట్టమంటారు, సిబ్బంది తీసుకెళతారు. మర్నాటి బట్టలు కూడా అందులోనే సర్దేసి రాత్రి దుస్తుల్లో మిగిలిపోయేవాళ్లు ఉంటారు, జాగ్రత్త. తన సామాను తానే మోసుకోగలిగిన వారికి ఈ బెడద లేదు. పెట్టె తోసుకుంటూ ముందు వరుసలోనే దిగిపోవచ్చు.