పెట్టె వెనుక లేని పేరు

(విశ్వకర్మ జయంతి సభ, హన్మకొండ)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ వరుసగా చెప్పాలి. కానీ నాకిచ్చింది ఇరవై నిమిషాలే, అందుకని అందరికీ కలిపి ఒకటే దండం.

ఖరీదైన ఆడియో సెట్లు చూడటానికి అంత అందంగా ఎందుకుంటాయో చెప్పమన్నారు. ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో యాంప్లిఫయర్లు విప్పి బిగించాను కాబట్టి లోపలి సంగతి నాకు తెలుసు. పై సంగతి నేర్పింది మాత్రం మా బాపు. ఆయన వడ్రంగి. మీలో చాలామంది లాగే ఉలి, రందా పట్టి బతికినవాడు.

అమెరికా కంపెనీ మెకింతోష్ యాంప్లిఫయర్ ఫొటో మీరు ఫోన్‌లో చూసే ఉంటారు. ముందు నల్లటి గాజు పలక, దాని వెనుక నీలి వెలుగులో ఊగే ముల్లు. అది సోకు కోసం పెట్టిందని చాలామంది అనుకుంటారు. స్పీకర్లకు ఎంత పవర్ పోతోందో చూపేది ఆ ముల్లే. కొన్ని యాంప్లిఫయర్లకు పక్కన అల్యూమినియం రెక్కలుంటాయి. వేడి గాలిలోకి పోవాలంటే లోహానికి గాలి తగిలే ఒళ్ళు ఎక్కువ ఉండాలి, అందుకే ఆ రెక్కలు. మంచి సెట్టులో ప్రతి గీతకూ ఒక కారణం దొరుకుతుంది.

జర్మనీలో బ్రౌన్ కంపెనీ 1956లో ఎస్‌కె 4 అని రేడియో, రికార్డు ప్లేయరు కలిపి ఒక పెట్టె తెచ్చింది. అప్పటిదాకా రేడియో అంటే మెరుగు పెట్టిన చెక్క, బంగారు రంగు అంచులు. ఇది తెల్లటి రేకు, రెండు పక్కలా ఎల్మ్ చెక్క, అంతే. మూత కూడా రేకుతోనే చేయాలనుకున్నారట. పాట పెడితే ఆ రేకు గలగలలాడింది. అప్పుడు గాజులా లోపలిది కనిపించే అక్రిలిక్ ప్లాస్టిక్ మూత పెట్టారు. పిల్లల కథలో రాకుమారి స్నోవైట్‌ను పడుకోబెట్టిన గాజు పెట్టెలా ఉందని జనం దాన్ని స్నోవైట్ శవపేటిక అన్నారు. ఆ తర్వాత ఎన్ని కంపెనీల రికార్డు ప్లేయర్లకు అలాంటి మూత వచ్చిందో లెక్కలేదు. ఆ పెట్టెను గీసింది హాన్స్ గుగెలోట్, డీటర్ రామ్స్. రామ్స్ తాత వడ్రంగి. రామ్స్ కూడా వడ్రంగం నేర్చుకున్నవాడే. ఈ మాట ఇంకోసారి చెబుతాను, వెనుక వరుస దాకా వినబడాలి. రామ్స్ తాత వడ్రంగి.

ఇక బాపు సంగతి. నాకు పన్నెండేళ్ళప్పుడు ఆర్‌ఇసి ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ సారు ఒకాయన ఎనిమిది అంగుళాల స్పీకర్లు రెండు గుడ్డలో చుట్టుకొని మా ఇంటికొచ్చాడు. వీటికి గాలి చొరబడని పెట్టెలు కావాలన్నాడు. బాపు ములుగు టేకు పలకలతో చేశాడు. పాలిష్ పెడితే ముఖం కనబడేది. మే నెల ఎండలకు ఒక మూల జాయింటు వెంట్రుక మందం విచ్చింది. డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా ఆ సందులోంచి పాము బుస కొట్టినట్టు గాలి. సారు ఏమీ అనలేదు. ఆ రాత్రి బాపు అన్నం ముట్టలేదు.

తెల్లారి రెండు పెట్టెలూ విప్పేశాడు. టేకు ఎండకు ముడుచుకుంటుంది, వానకు ఉబ్బుతుంది. ప్లైవుడ్‌లో పొరలు అడ్డం నిలువుగా అతికి ఉంటాయి, అందుకని అంతగా కదలదు. ప్లైవుడ్ మీద ప్లైవుడ్ అతికి, లోపల అడ్డకర్రలు బిగించి, పైన పలచని టేకు పొర వేశాడు. ఆ తర్వాత చెవి ఆనించి, వేలి కణుపుతో జానెడు జానెడుకూ కొట్టుకుంటూ పోయాడు. కుండలు కొనేటప్పుడు మా అవ్వ కూడా అట్లనే కొట్టేది. అవ్వకు కుండ ఖంగుమనాలి, బాపుకు పెట్టె మొద్దుగా పలకాలి. "పాట మోగాలె బిడ్డా, పెట్టె మోగొద్దు" అన్నాడు.

వెనుక నిలబడ్డ తమ్ముళ్ళూ, ఒక్క నిమిషం. మీ పక్కనున్న తలుపు మీద కొట్టండి. మధ్యలో కొట్టండి, తర్వాత అంచు దగ్గర కొట్టండి. తేడా వినబడిందా? అడ్డకర్ర ఎక్కడ వేయాలో ఆ చప్పుడే చెబుతుంది.

ఇంకొకటి. ముందు పలక అంచులను బాపు గుండ్రంగా తీశాడు. ఆ ఇంట్లో దోగాడే పిల్ల ఉంది, నుదురు తగులుతుందని. సారు దాన్ని చేత్తో తడిమి ఆగిపోయాడు. స్పీకరు నుంచి వచ్చే సన్నని శబ్దం పలక మీదుగా పాకుతూ పోయి, పదునైన అంచు తగిలితే చెదురుతుందట. అంచు గుండ్రంగా ఉంటే అది తగ్గుతుందట. పిల్ల కోసం చేసింది పాటకు కూడా కలిసొచ్చింది. ఇటలీలో సోనస్ ఫాబెర్ వాళ్ళు ల్యూట్ అనే తీగవాద్యం లాగా పక్కలు వంచి స్పీకర్లు చేశారు. లోపల గోడలు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే శబ్దం వాటి మధ్య అంతగా అటూ ఇటూ కొట్టుకోదు. ఇంగ్లండులో బి అండ్ డబ్ల్యూ కంపెనీ 1993లో నాటిలస్ తెచ్చింది. అచ్చం నత్తగుల్ల. స్పీకరు వెనుక వైపు పుట్టే శబ్దం సన్నబడుతూ పోయే గొట్టంలోకి వెళ్ళి చచ్చిపోవాలని ఆ వంపు. ఆ ఫొటో మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. బాపు అప్పటికి లేడు.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇది. సారు ఇంట్లో ఆ పెట్టెలు చూసి హైదరాబాద్ షాపాయన ఒకడొచ్చాడు. బాపు చేత ఇరవై రెండు జతలు చేయించుకున్నాడు. డబ్బులు ఇచ్చాడు, ఆ మాట దాచను. చివరి రోజు ఒక సంచి తెచ్చాడు. దాని నిండా ఇత్తడి పలకలు, ఒక్కో దాని మీద ఆయన షాపు పేరు. పెట్టె వెనుక బిగించమన్నాడు. నలభై నాలుగు పెట్టెలు, ఒక్కో పలకకు రెండు మరలు. బాపే కూర్చొని బిగించాడు. నేను మరలు అందించాను. "మరి నీ పేరు?" అని అడిగితే, "డబ్బా చేసినోని పేరెవరు రాస్తరురా" అన్నాడు. డబ్బా! గాలి సందు లేదని నిద్ర మాని చూసుకున్న మనిషి తన పనిని డబ్బా అన్నాడు.

పాలంపేటలో గుడి కట్టించింది కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు. 1213 నాటి శాసనం అక్కడే ఉంది. కానీ మనం ఆయన పేరుతో పిలుస్తున్నామా? ఎవరినడిగినా రామప్ప గుడి అంటారు. రామప్ప శిల్పి పేరని మన తాతలు చెప్పారు. ఎనిమిది వందల ఏళ్ళ కింద చెక్కినవాడి పేరు నిలబెట్టుకున్న ప్రాంతం మనది. ఇవాళ మీరు చేసే టీవీ స్టాండు, పూజ మందిరం, స్పీకరు పెట్టె ఏదైనా సరే, వెనుక మీ పేరు, ఊరు, సంవత్సరం చెక్కండి. కొనేవాడు వద్దంటే అడుగున చెక్కండి. అమ్మా, మీ ఇంటికి వడ్రంగి పనికొస్తే పని అయ్యాక ఆయన్ని పేరు రాయమని మీరే అడగండి.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. ఒక్క పని ఉంది. సారు పిల్లలు మొన్న ఇల్లు ఖాళీ చేస్తూ ఆ మొదటి జత నాకిచ్చారు. ఒక పెట్టె ఇక్కడ, ఈ దుప్పటి కింద ఉంది. వెనుక పలక ఖాళీగా ఉంది. బాపు ఉలి కూడా తెచ్చాను. నాకు చెక్కడం రాదు. ముందు వరుసలో ఉన్న తమ్ముడు ఎవరైనా పైకి రండి, పెట్టె బరువుంది, ఇంకొకరు కూడా ఒక చేయి వేయండి. పేరు నేను చెబుతాను.