కొల్లేరు మీదుగా సైకిల్ యాత్ర: రెండు రోజులకు లెక్క

నమస్కారం. గుట్టలెక్కే ఓపిక లేదు, కానీ నాలుగు ఊళ్లు సైకిల్ మీద చూడాలనుంది అనేవాళ్ల కోసం ఈ వారం కొల్లేరు దారి చెబుతాను. ఏలూరులో బయలుదేరి కైకలూరు చేరడం. గబగబా తొక్కితే ఒక పూట దారి. నేను మాత్రం రెండు రోజులు పెట్టుకోమంటాను.

ముందుగా ఒక భ్రమ తీర్చేస్తాను. మ్యాప్‌లో కొల్లేరంటే పెద్ద నీలం మరక. అక్కడికి వెళ్తే కంటికి ఆనేది ఎక్కువగా చేపల చెరువులు, గట్లు, గట్ల మీద కొంగలు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలాంటి పల్లం ఇది. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు ఇందులోకి వస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు, వచ్చింది. 2006లో ప్రభుత్వం సరస్సును ఆక్రమించిన చేపల చెరువుల గట్లు తెగ్గొట్టించింది. అయినా సరస్సు ఎక్కడ ఆగి చెరువు ఎక్కడ మొదలవుతుందో సైకిల్ మీద నుంచి పోల్చుకోవడం కష్టమే.

వెళ్లవలసింది నవంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి లోపు. వలస పక్షులు అప్పుడే ఉంటాయి, ఎండ కూడా కనికరిస్తుంది. వానాకాలంలో వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరినప్పుడు ఏలూరు, కైకలూరు మధ్య రోడ్డు మీదికే నీళ్లొచ్చాయి. బయలుదేరే ముందు పెదఎడ్లగాడి వంతెన దగ్గర నీటిమట్టం ఎంతుందో విచారించండి. ఊళ్లవాళ్లకు అది నోటి లెక్క.

ఎత్తుపల్లాలు లేవు కాబట్టి సులువనుకోకండి. ఇక్కడ గాలే గుట్ట. చలికాలంలో ఈశాన్యం నుంచి వీస్తుంది, కైకలూరు వైపు వెళ్తుంటే ఎడమ భుజాన్ని నెడుతూనే ఉంటుంది. చాటుకు చెట్టు దొరకదు. దానికి తోడు చేపల లారీలు. పక్కనుంచి వెళ్తూ మంచు కరిగిన నీళ్లు రోడ్డంతా ఒలకబోస్తాయి. ఆ తడి మీద ముందు బ్రేకు గట్టిగా పట్టారా, పడ్డట్టే.

ఇంకొకటి నేను అనుభవించి చెబుతున్నాను. చినుకులు పడ్డాక ఫోటో కోసమని ఒక గట్టు మీదికి సైకిల్ దించాను. నల్లమట్టి. పది గజాలు పోయేసరికి చక్రానికి, మడ్గార్డుకు మధ్య బంకలా కూరుకుపోయి చక్రం కదలనంది. తుమ్మపుల్ల విరిచి గంటసేపు గోకాను, ఆ తుమ్మ ముల్లే టైరులో కూడా దిగింది. ట్యూబులు రెండు తీసుకెళ్లండి. మడ్గార్డులు ఇంట్లోనే విప్పేయండి.

మొదటి రాత్రి కైకలూరులో బస. తెల్లవారకముందే లేచి పక్కనే ఉన్న ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లండి. ఈ యాత్ర మొత్తం ఆ ఒక్క గంట కోసమే అన్నా తప్పు లేదు. చెట్లు చాలవని గూళ్ల కోసం అటవీశాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెట్టింది, వాటి మీద గూడబాతులు (పెలికాన్లు) కిక్కిరిసి ఉంటాయి. ఒకటి దిగుతుంటే చూడండి. రెండు కాళ్లూ ముందుకు చాచి, నీటిని గీసుకుంటూ కొంతదూరం జారి, అప్పుడు రెక్కలు ముడుస్తుంది. అంత బరువైన పక్షి అంత ఒద్దికగా వాలుతుందని నేను అనుకోలేదు.

అక్కడినుంచి కొల్లేటికోట. పెద్దింట్లమ్మ గుడి, జలదుర్గ అని కూడా అంటారు. ఫాల్గుణంలో జాతర జరుగుతుంది. ఆ రోజుల్లో జనం చూడ్డానికి వెళ్లండి, సైకిల్ తొక్కడానికి కాదు.

తిరుగు ప్రయాణం గురించి. కైకలూరులో రైలెక్కితే గుడివాడ మీదుగా విజయవాడ వెళ్తుంది, ఏలూరు వెళ్లదు. కాబట్టి కారు ఏలూరులో వదిలి వచ్చినవాళ్లు మళ్లీ అదే దారిన తొక్కాలి. ఈసారి గాలి కుడి భుజానికి.