ఎరుపు గడిని పసుపు చేసిందెవరు?

యాంకర్: నమస్కారం. యూనివర్సిటీ అనగానే మనకి క్లాసులు, పరీక్షలు, రిజల్ట్స్ గుర్తొస్తాయి. వీటి వెనక ఏదో ఒక మూల చిన్న గది ఉంటుంది. ఏది ఎక్కడ తేడా కొడుతుందా అని రోజూ ఆలోచించడమే అక్కడివాళ్ల ఉద్యోగం. ఇవాళ స్టూడియోలో ఒక రిస్క్ ఆఫీసర్, ఒక రిటైరైన రిజిస్ట్రార్, ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఉన్నారు. మేడమ్, మీతో మొదలుపెడదాం. ఆఫీసుకెళ్లి అసలేం చేస్తారు?

రిస్క్ ఆఫీసర్: (నవ్వుతూ) మా ఇంట్లోవాళ్లకీ ఇదే డౌటు. సగం రోజు రిమైండర్లు పంపడంతోనే సరిపోతుంది. మా దగ్గర రిస్క్ రిజిస్టర్ అని ఒక ఎక్సెల్ షీటు ఉంటుంది. వరసకో ముప్పు. పక్కన రెండు అంకెలు: జరిగే అవకాశం ఎంత, జరిగితే దెబ్బ ఎంత. రెండూ 1 నుంచి 5 లోపే. గుణిస్తే స్కోరు, స్కోరుని బట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు. చివరి గడిలో రిస్క్ ఓనర్, అంటే ఆ ముప్పుకి ఎవరు జవాబుదారీ అన్నది. మిగతావన్నీ వారంలో నిండుతాయి. ఈ ఒక్క గడికి మూడు నెలలు పడుతుంది.

యాంకర్: అంత కష్టమా?

రిస్క్ ఆఫీసర్: పేరు రాస్తే రేపు మెడకి చుట్టుకుంటుందని భయం. సర్వర్ బ్యాకప్ ఎవరిదని అడగండి. ఫైనాన్స్ వాళ్లు డబ్బులివ్వలేదని ఐటీ వాళ్లంటారు. ఐటీ వాళ్లు అడగనే లేదని ఫైనాన్స్ వాళ్లంటారు. గడి ఖాళీగానే ఉంటుంది.

ప్రొఫెసర్: ఏమీ అనుకోకపోతే ఒక మాట, మేడమ్. మాకైతే ఇది ఇంకో ఫారం, అంతే. కిందటేడు రాసిందే తేదీ మార్చి పంపిస్తాం. మీరు చదవరని మాకు తెలుసు, మేం చదవలేదని మీకూ తెలుసు.

రిస్క్ ఆఫీసర్: నిజమే, కాదనను. ఐఎస్ఓ 31000 అని రిస్క్ నిర్వహణకి ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది, 2009లో వచ్చింది, 2018లో సవరించారు. అందులో రిస్క్ అంటే, మన లక్ష్యాల మీద అనిశ్చితి చూపే ప్రభావం. ఫారం అని ఎక్కడా లేదు. దాన్ని ఫారంగా మార్చింది మేమే.

యాంకర్: రిజిస్ట్రార్ గారూ, ఈ షీటు గవర్నింగ్ కౌన్సిల్ దాకా వెళ్తుంది కదా. అక్కడేమవుతుంది?

మాజీ రిజిస్ట్రార్: ముందు రాత్రి 200 పేజీల ఎజెండా పంపుతాం. రిస్క్ ఎప్పుడూ ఆఖరి అంశమే, అందరూ రైలు టైము చూసుకునే వేళకి వస్తుంది. "నోట్ చేసుకున్నాం" అని మినిట్స్‌లో ఒక్క లైను. (కాసేపు ఆగి) ఒకటి చెప్తాను, రిటైరయ్యాను కాబట్టి చెప్పొచ్చు. ఒకసారి హాస్టల్ వైరింగ్ ఎరుపులో వచ్చింది. మీటింగుకి ముందు రోజు సాయంత్రం పైనుంచి పిలుపు. "ఎరుపు చూస్తే కౌన్సిల్ అరగంట ప్రశ్నలు వేస్తుంది, ఎలాగూ రెండు నెలల్లో బాగుచేస్తాం కదా" అన్నారు. నేనే కంప్యూటర్ ముందు కూర్చుని 20ని 12 చేశాను. గడి దానంతటదే పసుపైపోయింది. అంతే పని. ఆరు నెలలకి షార్ట్ సర్క్యూట్ అయి ఒక గది స్విచ్ బోర్డు కాలిపోయింది. సెలవులు కాబట్టి లోపల ఎవరూ లేరు.

యాంకర్: వైరింగ్ మార్చారా?

మాజీ రిజిస్ట్రార్: కాలిన తరవాత మార్చారు.

ప్రొఫెసర్: అది వింటే మా రంగంలో అందరికీ తెలిసిన ఒక ప్రమాదం గుర్తొస్తోంది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, 2008 డిసెంబర్ 29. 23 ఏళ్ల రీసెర్చ్ అసిస్టెంట్ టెర్ట్-బ్యూటైల్ లిథియంని సిరంజితో తీస్తోంది. గాలి తగిలితే చాలు, అంటుకునే ద్రవం అది. సిరంజి వెనక లాగే ప్లంజర్ ఊడి వచ్చి, ద్రవం చిమ్మి మంటలంటుకున్నాయి. ఒంటి మీద సింథటిక్ స్వెట్టర్ ఉంది, ల్యాబ్ కోటు లేదు. 18 రోజులు ఆసుపత్రిలో ఉండి చనిపోయింది. అసలు బాధ ఏమిటంటే, ఆ అక్టోబరులోనే సేఫ్టీ తనిఖీ జరిగింది. అక్కడివాళ్లు కోట్లు వేసుకోవడం లేదని కాగితం మీద రాసి ఉంది.

రిస్క్ ఆఫీసర్: కనిపెట్టారు, రాశారు, ఫైల్లో పెట్టారు. 2011లో ప్రొఫెసర్ మీదా, యూనివర్సిటీ మీదా క్రిమినల్ కేసు పెట్టారు. నాకు ఆ అక్టోబరుకీ డిసెంబరుకీ మధ్య రోజులే కళ్లముందు తిరుగుతుంటాయి. ఆ కాగితం ఎవరి టేబుల్ మీద ఉంది? ఎవరు "చూద్దాంలే" అన్నారు? మా ఉద్యోగం అంతా ఆ రోజుల్లోనే ఉంది. ముప్పుని కనిపెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ల్యాబ్ టెక్నీషియన్‌కి తెలుసు, అకౌంట్స్ క్లర్కుకి తెలుసు. వాళ్లకి తెలిసింది పైదాకా వెళ్లడమే కష్టం.

యాంకర్: డబ్బు విషయంలోనూ ఇలాగే ఉంటుందా?

మాజీ రిజిస్ట్రార్: డబ్బు దగ్గర ఇంకా ఎక్కువ. స్కాట్లాండ్‌లో డండీ యూనివర్సిటీ ఉంది. 2024 చివరికి దాదాపు 30 మిలియన్ పౌండ్ల లోటు బయటపడి, యూనివర్సిటీ అధిపతి రాజీనామా చేశారు. 2025 జూన్‌లో వచ్చిన విచారణ నివేదిక చదివితే, లెక్కల కంటే ఎక్కువగా కనిపించేది ఎవరూ ప్రశ్న అడగని వాతావరణం. అడిగినవాళ్లు అడ్డు తగులుతున్నారన్న ముద్ర. ఆ నివేదిక వచ్చాక పాలకమండలి అధ్యక్షురాలు కూడా తప్పుకున్నారు. కౌన్సిల్ సభ్యుడంటే ఫోటోలో కూర్చునేవాడు కాదు, లెక్క అర్థం కాకపోతే "అర్థం కాలేదు" అని నలుగురిలో అనగలిగినవాడు. అలాంటివాళ్లు నా సర్వీసు మొత్తంలో ఇద్దరే కనిపించారు.

ప్రొఫెసర్: ముందుచూపు ఉన్నవాళ్లూ ఉన్నారు లెండి. అమెరికాలోని ఇలినాయ్ యూనివర్సిటీలో బిజినెస్, ఇంజినీరింగ్ కాలేజీలు చైనా విద్యార్థుల ఫీజుల మీద బాగా ఆధారపడ్డాయి. ఆ ఆదాయం ఒక్కసారిగా పడిపోతే ఎలా అని ఏకంగా బీమా తీసుకున్నాయి. ఏడాదికి 4,24,000 డాలర్ల ప్రీమియం, 6 కోట్ల డాలర్ల కవరేజీ. కోవిడ్‌కి ముందే!

రిస్క్ ఆఫీసర్: అక్కడెవరో పెద్దవాళ్ల ముందు "మనం ఒకే దేశం మీద బతుకుతున్నాం" అని అన్నారన్నమాట. ఆ మాట అనడానికే ధైర్యం కావాలి. బీమా తరవాత సంగతి.

యాంకర్: సైబర్ దాడుల గురించీ అడగాలి.

రిస్క్ ఆఫీసర్: నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్ యూనివర్సిటీ చూడండి. 2019 అక్టోబర్లో ఎవరో ఒక దొంగ మెయిల్లో లింకు నొక్కారు. రెండు నెలలు దాడి చేసినవాళ్లు లోపలే తిరిగారు. సరిగ్గా క్రిస్మస్ సెలవుల ముందు, డిసెంబర్ 23న, సర్వర్లకి తాళం పడింది. 30 బిట్‌కాయిన్లు, అంటే దాదాపు 2 లక్షల యూరోలు కట్టి విడిపించుకున్నారు. దాంట్లో కొంత తరవాత పోలీసులు పట్టుకున్నారు. ఈలోగా బిట్‌కాయిన్ రేటు పెరగడంతో 2022కి ఆ కొంత విలువే సుమారు 5 లక్షల యూరోలైంది! దాన్ని ఇబ్బందుల్లో ఉన్న విద్యార్థులకి వాడతామన్నారు. దీన్ని మాత్రం దయచేసి పెట్టుబడి ప్లాను అనుకోకండి. (నవ్వులు) మెచ్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. జరిగిందంతా, డబ్బు కట్టిన సంగతితో సహా, వాళ్లే సమావేశం పెట్టి బయటికి చెప్పారు.

యాంకర్: ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్లు మొదట ఏం చేయాలి?

రిస్క్ ఆఫీసర్: మొదటి నెల షీటు తెరవకండి. స్టోర్స్‌కి, హాస్టల్ వార్డెన్ దగ్గరికి, ల్యాబులకి వెళ్లి కూర్చోండి. "మీకు రాత్రి నిద్రపట్టనిది ఏమిటి?" అని అడగండి. రాసుకునేటప్పుడు పేరు రాయకండి, లేకపోతే రెండోసారి నోరు విప్పరు. ఏం చేశామో వాళ్లకి వెళ్లి చెప్పండి, ఏమీ చేయలేకపోయినా సరే.

ప్రొఫెసర్: నన్నెవరూ అలా అడగలేదు.

రిస్క్ ఆఫీసర్: ఇప్పుడు అడుగుతున్నాను.

ప్రొఫెసర్: (నవ్వి, ఆగి) మా ల్యాబులో ఒక ఫ్యూమ్ హుడ్ ఉంది, మేడమ్, రసాయనాల ఆవిరిని బయటికి లాగేసే పెట్టె. గాలి లాగే వేగం తగ్గితే అలారం మోగుతుంది. అస్తమానం మోగుతుంటే చికాకేసి, స్పీకరు మీద టేపు అంటించారు మా పిల్లలు.

యాంకర్: మీరు చూశారా?

ప్రొఫెసర్: టేపు తెచ్చిచ్చింది నేనే.

రిస్క్ ఆఫీసర్: ఎన్నాళ్లయింది?

ప్రొఫెసర్: సెమిస్టర్ మొదట్నుంచీ.

మాజీ రిజిస్ట్రార్: ఓనర్ గడిలో ఏం రాసి ఉంది, ప్రొఫెసర్ గారూ?

ప్రొఫెసర్: ఖాళీ. ...నా పేరు రాయమంటాను.