వాసెన గుడ్డను అంటించకూడదు: ఆవకాయ రోజులను మిక్స్‌డ్ మీడియాలో చిత్రించడం

నమస్కారం. ఇంటి జ్ఞాపకాలతో మిక్స్‌డ్ మీడియా చిత్రం, అంటే రంగుతో పాటు గుడ్డ, కాగితం లాంటివి కూడా కలిపి చేసే చిత్రం, వేశామంటూ చాలామంది నాకు చూపించేది ఒకే రకం బోర్డు. అందులో పాత ఫొటోలు, శుభలేఖ ముక్క, ఎండిన మామిడాకు, చీర అంచు జిగురుతో అంటించి ఉంటాయి, వాటి మధ్య ఖాళీల్లో కాస్త రంగు పులిమి ఉంటుంది. అది దాచుకోదగ్గ వస్తువే, కాదనను. కానీ అందులో రంగుకూ గుడ్డకూ పొత్తు కుదరలేదు, ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయంతే. మామిడికాయ ముక్కలు, కారం, ఆవపిండి, నూనె వేర్వేరు గిన్నెల్లో పెట్టి, దాన్ని ఆవకాయ అని ఎవరూ వడ్డించరు కదా.

ఆవకాయ మాట ఊరికే ఎత్తలేదు. నేను ఈ మధ్య వేసిన చిత్రం అమ్మమ్మ ఇంట్లో ఏటా వేసవి సెలవుల్లో జరిగిన ఆవకాయ పని గురించే. (పంచాంగం ప్రకారం చైత్ర వైశాఖాలు వసంత ఋతువు, ఆ పెరట్లో మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా నడిచినవాళ్ళు మాత్రం దాన్ని వసంతం అనరు.)

(తెర మీద: జాడీ మూతి, దాని పక్కన పాత పంచె ముక్క)

ఇది వాసెన గుడ్డ. జాడీ మూతికి కట్టిన పాత నూలు పంచె ముక్క. జాడీ అంచు తగిలినచోట నూనె, కారం పీల్చుకొని గుండ్రటి మరక పడింది. ఆ వలయం లోపలి అంచు ముదురు ఎరుపు, బయటికి వచ్చేకొద్దీ నారింజ, చివర పలచని పసుపు. నాకు ఆ వేసవులన్నీ ఈ వలయంలోనే ఉన్నాయి కనుక దీన్నే చిత్రం మధ్యలో అంటించాలనుకున్నాను. అంటుకోలేదు. నూనె పీల్చిన గుడ్డను నీళ్ళతో కలిసే ఏ జిగురూ పట్టదు. బలవంతంగా అతికించినా కొన్నాళ్ళకు నూనె చుట్టుపక్కలకు పాకి, కంపు కొడుతుంది. అసలు కారం, అసలు పసుపు చల్లుదామన్న ఆలోచన ఇంకా ప్రమాదం. పసుపులోని రంగు వెలుతురుకు వెలిసిపోతుంది, కారానికి పురుగు పడుతుంది.

అప్పుడు చేయవలసింది వస్తువును వదిలి, దాని జాడను తీసుకోవడం. ఉతికి ఆరబెట్టిన కొత్త నూలు గుడ్డను చిత్రం వేసే ప్లైవుడ్ బల్లకు అతికించి, దాని మీద ఆ వలయాన్ని పలచని యాక్రిలిక్ రంగులతో, తడిలో తడి పాకేలా, మూడు విడతల్లో వేశాను. ఇది మోసం కాదా అని అడిగేవారికి ఒక చరిత్ర గుర్తుచేస్తాను. 1912లో పికాసో తన చిత్రంలో కుర్చీ అల్లిక కావాలనుకున్నప్పుడు కుర్చీని కోసి అంటించలేదు. అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ అంటించాడు. అదే ఏడాది ఇంకో చిత్రకారుడు బ్రాక్ కూడా చెక్క ముక్కను కాక, చెక్క చారలు అచ్చువేసిన గోడకాగితాన్ని తన బొగ్గు చిత్రంలో అతికించాడు. ఈ పద్ధతి మొదలైనప్పుడే అసలు వస్తువు బదులు దాని నకలు వచ్చి కూర్చుంది.

ఇక పొరల సంగతి, అంటే మళ్ళీ జాడీ సంగతి. అమ్మమ్మ ముక్కలను జీడి తీసి, లోపలి పొర ఒలిచి, ఒక్కొక్కటీ పొడిగుడ్డతో తుడిపించేది; "తడి చెయ్యి పెట్టావంటే ఊరుకోను రా" అని ఏడాదికి కనీసం ఇరవైసార్లు అని ఉంటుంది. చిత్రంలోనూ శత్రువు అదే తడి. ప్లైవుడ్ బల్లకు ముందువైపే పూత వేసి వెనకవైపు వదిలేస్తే, వానాకాలంలో వెనక తేమ పీల్చి బల్ల వంగుతుంది. రెండువైపులా పూత వేయాలి. బరువైన గుడ్డలు అతికించేటప్పుడు సాగే కాన్వాసు కన్నా బల్లే నయం. ఆ పైన జెస్సో, అంటే రంగు పట్టేలా ముందుగా పూసే తెల్లటి పూత, వేయాలి. దాన్ని విదేశీ సరుకుగా చూడనక్కరలేదు. తెలంగాణలోని చేర్యాలలో పటాలు వేసే నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి ఆరబెట్టేది కూడా రంగు ఇంకిపోకుండా, పట్టి నిలిచేలా అడుగు పొరను సిద్ధం చేయడానికే.

మూడో రోజు జాడీ విప్పి తిరగకలిపేటప్పుడు నూనె పైకి తేలి ఉండాలి, లేకపోతే ఇంకాస్త పోస్తారు. చిత్రంలోనూ నూనె ఎప్పుడూ పైనే ఉండాలి. నీటితో కలిసే యాక్రిలిక్ కింద, నూనె రంగు పైన అయితే నిలుస్తుంది. ఆరిన నూనె రంగు మీద యాక్రిలిక్ వేస్తే పట్టు దొరకక పెచ్చులూడుతుంది. నూనె రంగుల్లో కూడా కింది పొరలో నూనె తక్కువ, పై పొరలో ఎక్కువ ఉండాలి, ఎందుకంటే కిందది ఇంకా ఆరుతూ కదులుతుండగా పైది ముందే గట్టిపడితే బీటలు వారుతుంది. నా చిత్రంలో ముక్కల మీద మెరిసే ఎరుపు మాత్రమే నూనె రంగు. మిగతా పెరడు, సున్నపు గోడ, చాప, అన్నీ మెరుపులేని యాక్రిలిక్.

సమయం మించిపోతోంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. అమ్మమ్మ కొలతలు రాసుకున్న నోటు పుస్తకం పేజీని చింపకండి, లేజర్ జిరాక్స్ తీయించండి. ఇంక్‌జెట్ ప్రింటు తడికి కారిపోతుంది. జెల్ మీడియం (రంగులేని చిక్కటి యాక్రిలిక్ జిగురు) బల్లకు పూసి, జిరాక్స్‌ను బోర్లా అతికించి, రాత్రంతా ఆరనిచ్చి, తడిపి కాగితాన్ని వేలితో రుద్ది తీసేస్తే అక్షరాలు బల్ల మీద మిగులుతాయి. అయితే తిరగబడి వస్తాయి కనుక ముందే అద్దంలో కనిపించినట్టు ప్రింటు తీయించాలి. నేను మరచిపోయినందువల్ల నా మొదటి బల్ల మీద ఉప్పు, కారం, ఆవపిండి అన్నీ కుడి నుంచి ఎడమకు ఉన్నాయి. వార్తాపత్రిక ముక్కలు ఏడాదికే పచ్చబడతాయి, వాటికీ జిరాక్సే. ఆవపిండి గరుకుకు మోడలింగ్ పేస్టులో (ఎత్తుగా నిలిచే చిక్కటి ముద్ద) జల్లించిన ఇసుక కలపండి. ఆయిల్ పాస్టెల్ ఎప్పటికీ పూర్తిగా ఆరదు, దాని మీద ఇంకేమీ వేయకండి. అద్దం బిగిస్తే చిత్రానికి తగలకుండా ఎడం ఉంచండి. నూనె రంగు పలచగా ఉన్నా వార్నిష్‌కు ఆరునెలలు ఆగడం మంచిది.

నేను ఆగడం ఒకందుకు మేలే అయింది. నిన్న అమ్మ వచ్చి చూసి, వలయం ఎడమవైపు ఇంకా ఎర్రగా ఉండాలంది. అటకమీద ఆ జాడీ ఎప్పుడూ ఎడమకే కాస్త ఒరిగి ఉండేదట. గుడ్డ తీసి చూశాను, నిజమే. అక్కడ ముక్కల మెరుపు కోసం వేసిన నూనె రంగు అప్పటికే వలయం మీదికి వచ్చేసింది కనుక, ఈ సాయంత్రం ఆ ఒక్క వైపూ నూనె రంగుతోనే దిద్దుతాను.