అమ్మ షోకేసులోని డిన్నర్ సెట్ ఎవరికి కావాలి?

హాయ్ అండీ, ఈసారి వీడియో డల్లాస్ నుంచి కాదు, గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మ వాళ్లింటి హాల్లోంచి. ఫ్యాన్ చప్పుడు వినిపిస్తుంటే ఏమీ అనుకోవద్దు, అది ఆపితే నేను ఉండలేను.

ఇదిగో, ఇదే షోకేసు. మా మేనకోడలికి పెళ్లి కుదిరింది కదా, అమ్మ దాన్ని కూర్చోబెట్టి "ఏం కావాలో తీసుకోవే" అంది. పై అరలో బోన్ చైనా డిన్నర్ సెట్, బంగారు అంచు, పన్నెండు మందికి సరిపడా. నాన్న 1988లో కొన్నారు. అందులో మేం తిన్నది రెండేసార్లు. ఒకసారి బావగారు కొత్తల్లుడుగా వచ్చినప్పుడు, ఇంకోసారి మా ఆయన వచ్చినప్పుడు. అవి కడిగేటప్పుడు అమ్మ ఎవరినీ దరిదాపులకు రానిచ్చేది కాదు. ఇక రెండోది, బీరువాలో పాత పంచెలో చుట్టిపెట్టిన ఆరు వెండి కంచాలు.

పిల్ల ప్లేటు తిప్పి చూసి, "అత్తా, ఇది మైక్రోవేవ్‌లో పెట్టొచ్చా?" అంది. పెట్టకూడదు. అంచున ఉన్నది నిజం బంగారం, నిప్పురవ్వలు లేస్తాయి. డిష్‌వాషర్‌లో వేసినా ఆ ఘాటు పౌడరుకి అంచు మెల్లగా చెరిగిపోతుంది. "అయితే వద్దులే నానమ్మా, మా ఫ్లాట్‌లో షోకేసే లేదు."

అమ్మ ముఖం చిన్నబోయింది. ఓదారుద్దామని అమెరికా సంగతి ఎత్తాను. అక్కడ ఎస్టేట్ సేల్ అని ఉంటుంది, పెద్దవాళ్లు పోయాక ఇంట్లో సామానంతా అక్కడికక్కడే అమ్మేస్తారు. నేను వెళ్లినచోటల్లా సాయంత్రానికి మిగిలేవి పింగాణీ సెట్లే. నార్త్ కరోలినా కిన్‌స్టన్‌లో లెనాక్స్ వాళ్ల బోన్ చైనా ఫ్యాక్టరీ కూడా 2020లో మూతపడింది, మన ఒక్కళ్ల బాధ కాదమ్మా అన్నాను. అమ్మ అంతా విని, "అంటే నేను పోయాక ఇవీ అమ్మేస్తారన్నమాట" అంది. అయిపోయింది నా ఓదార్పు!

వెండి కథ వేరు. 2025లో కిలో లక్ష దాటి ఇంకా పైపైకే పోయింది కాబట్టి వద్దనేవాళ్లు లేరు. అలాగని కంచాలుగా కావాలన్నవాళ్లూ లేరు. మార్చేసి పిల్లకి పట్టీలు చేయిద్దామన్నాడు అన్నయ్య. పట్నం బజారు వైపు ఒక కొట్టుకి తీసుకెళ్లాం. హాల్‌మార్క్ లేని పాత సరుకు, కరిగించి చూస్తేగానీ ధర చెప్పలేను, తరుగు పోతుంది అన్నాడాయన. కంచం వెనక్కి తిప్పి ఆగాడు. చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాల్లో మా అమ్మమ్మ పేరు, 1951. అప్పట్లో సామాను మీద పేరు కొట్టించేవాళ్లు, నలుగురి గిన్నెల్లో కలిసిపోకుండా. "కరిగించేయమంటారా అమ్మా?" అని అడిగాడు. అమ్మ జవాబు చెప్పకుండా కంచాలు సంచిలో పెట్టేసుకుంది. పట్టీలు కొత్తవి కొన్నాం.

నాకేమనిపిస్తుందంటే, ఈ పిల్లలకి పాత వస్తువులంటే చిన్నచూపేం లేదు. మా మేనకోడలే అటక మీద ఇత్తడి మరచెంబు చూసి అడిగి మరీ తీసుకుంది. వాళ్లకి వద్దనిపించేది పగిలిపోతుందేమో అన్న టెన్షన్. ముట్టుకోవద్దు, ముట్టుకోవద్దు అంటూ పెంచి, ఇప్పుడు తీసుకెళ్లమంటే ఎలా తీసుకెళ్తారు? ఒక వెండి కంచం నేను తెచ్చుకుంటున్నా. రోజూ తింటా. గుడ్డు తగిలితే నల్లబడుతుందట, తోముకుంటా.

డిన్నర్ సెట్ కావాలన్నది ఒక్క మనిషే, మేడ మీద అద్దెకుండే అమ్మాయి. వంటల రీల్స్ చేస్తుంది. అదీ సెట్టంతా కాదు, రెండే ప్లేట్లు. ఏ ప్లేటుకా ప్లేటు వేరుగా ఉంటేనే వీడియోలో బాగుంటుందట.

"సెట్టు విడగొట్టమంటావా!" అని అమ్మ గయ్యిమంది. నిన్న సాయంత్రం చూస్తే షోకేసులో పదే ఉన్నాయి.

అడిగితే, "శనివారం తెచ్చిస్తానంది" అంది.