నాటకాల సీజన్లో తోటి కళాకారుడికి యేసును గురించి చెప్పడం

ప్రియమైన తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అందరికీ వందనాలు.

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో నటులున్నారు, తబలా వాయించేవాళ్ళున్నారు, మైకు సెట్టు, లైట్లు చూసుకునేవాళ్ళున్నారు. శ్రీరామనవమి వచ్చిందంటే ఒంగోలు, నెల్లూరు చుట్టుపక్కల పల్లెల్లో తిరునాళ్ళు, కొలుపులు ఊపందుకుంటాయి. ఆ వెనకే జొన్నవాడ, పెంచలకోన బ్రహ్మోత్సవాలు. ఎండలు తగ్గేదాకా పద్య నాటకాలకూ సాంఘిక నాటకాలకూ పిలుపులు వస్తూనే ఉంటాయి. ఆ రోజుల్లో మీరు ఇంట్లోవాళ్ళకంటే ట్రూపులోవాళ్ళతోనే ఎక్కువ గడుపుతారు. ఒకే వ్యాను, ఒకే చాప, ఒకే అద్దం. వాళ్ళలో ఒకరికి మన ప్రభువును గురించి చెప్పాలని మనసు కొట్టుకుంటుంది. ఎప్పుడు చెప్పాలి, ఎక్కడ చెప్పాలి, ఎంతసేపు చెప్పాలి? ఈ రోజు మాట్లాడుకోవలసింది అదే.

ముందు మీ లెక్క మీరు తేల్చుకోండి. పౌరాణికంలో వేషం కట్టవచ్చా కూడదా అన్నదాని మీద మన సంఘాల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. సాంఘికాలకే ఒప్పుకునేవాళ్ళున్నారు, రాయబారంలో అర్జునుడి వేషం కట్టేవాళ్ళూ ఉన్నారు. మీ మనస్సాక్షి ఏది ఒప్పుకుంటుందో అడ్వాన్సు పుచ్చుకోకముందే నాటకం కుదిర్చే కాంట్రాక్టరుకు చెప్పాలి. తెర లేచే ముందు కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, అందరూ నిలబడి ప్రార్థన పాడతారు. అప్పుడు మీరెక్కడ నిలబడతారు? "అన్నా, నేను పక్కన మౌనంగా నిలబడతాను, ఏమీ అనుకోవద్దు" అని మొదటి రోజే ఒక్క మాట చెబితే ఎవరూ ఏమీ అనరు. చెప్పకుండా ఆ నిమిషంలో చెప్పులేసుకుని బయటికి నడిస్తే సీజనంతా ఆ నడకే గుర్తుంటుంది. రెండవ రాజుల గ్రంథం 5వ అధ్యాయం చదవండి. సిరియా సైన్యాధిపతి నయమాను, తన యజమానితో పాటు రిమ్మోను గుడిలో వంగవలసివస్తుందని దాచుకోకుండా ప్రవక్తతో చెప్పుకున్నాడు. ఎలీషా అతన్ని గద్దించలేదు, సమాధానంతో వెళ్ళమన్నాడు. మీరు కూడా మీ పాస్టరుగారితో ఇలాగే విప్పి మాట్లాడండి. ఒప్పుకున్న వేషాన్ని సీజన్ మధ్యలో వదిలేయడం మాత్రం వద్దు. ఆ రాత్రి నాటకం ఆగితే హార్మోనిస్టు నుంచి డ్రెస్సులవాళ్ళ దాకా అందరి కూలీ పోతుంది.

ఇక సమయం. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. రాత్రి పది గంటలకు నాటకమంటే ఏడు, ఎనిమిదికే మేకప్‌కు కూర్చుంటారు. ముఖానికి రంగు వేసి, స్పిరిట్ గమ్‌తో గడ్డం, మీసం అంటించాక దవడ కదిపితే చెమటకు అంచులు లేచిపోతాయి. మే నెల ఉక్కలో అది మరీ తొందరగా జరుగుతుంది. పైగా నటుడు లోలోపల పద్యాల శ్రుతి పట్టుకుంటూ ఉంటాడు, గొంతు దాచుకుంటూ ఉంటాడు. రంగస్థలానికి వెళ్ళే ముందు గంటసేపు ఎంత మంచి మాటైనా అతనికి అడ్డమే. సైడ్ వింగ్‌లో నిలబడ్డప్పుడూ అంతే. మాటల్లో పడి ఎంట్రీ తప్పాడంటే ఆ తప్పు మీ సువార్త ఖాతాలో పడుతుంది.

తెల్లవారుజామున తెర పడ్డాక కొబ్బరినూనె రాసుకుని రంగు తీసుకునేటప్పుడు మనిషి తేలికపడతాడు. అప్పుడు కూడా పెద్ద విషయం ఎత్తకండి, ఒళ్ళు అలసిపోయి ఉంటుంది. కాంట్రాక్టరు డబ్బు లెక్క చూస్తున్నప్పుడైతే అసలే వద్దు. వ్యానులో పదిమంది వింటుండగా మొదలుపెడితే సంభాషణ కాస్తా వాదమవుతుంది. ఒకరు ఎగతాళి చేస్తారు, ఇంకొకరు మీ పక్షాన గొంతు పెంచుతారు, మీ స్నేహితుడు మాత్రం అడగాలనుకున్నది అడగకుండా ఉండిపోతాడు. మొదటి బస్సు కోసం టీ బంకు దగ్గర ఇద్దరే కూర్చున్నప్పుడో, మరుసటి సాయంత్రం నిద్ర లేచి తీరిగ్గా ఉన్నప్పుడో మాట్లాడండి. పదిహేను నిమిషాలు చాలు. అతను ఇంకా అడిగితే ఇంకా చెప్పండి.

ఒక్క సంగతి. మన ఆటలు ఎక్కువగా గుడి ముందే జరుగుతాయి. కొన్ని ప్రకటిత ఆలయ ప్రాంతాల్లో ఇతర మత ప్రచారాన్ని 2007 నుంచి మన రాష్ట్రంలో నిషేధించారు. నిషేధం లేని చోట కూడా, మనల్ని పిలిచి అన్నం పెట్టిన ఊరి గుడి ఆవరణలో మన మాట ఎత్తకపోవడమే మర్యాద. రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచార స్వేచ్ఛ ఇచ్చింది. ఆ స్వేచ్ఛలో ఇతరులను మతం మార్చే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మనకున్నది చెప్పుకునే హక్కు. తీసుకోవడం, మానడం అవతలి మనిషి చేతిలో ఉంది.

ఇప్పుడు ఏం చెప్పాలో చూద్దాం. ముందు వినండి. అతని పిల్లలు, అప్పులు, గొంతు బాధ, తండ్రి నేర్పిన పద్యాలు, వీటి మీద మీకు నిజమైన ఆసక్తి లేకపోతే యేసు మాట ఎత్తకండి. అతను "నువ్వు మందు ముట్టవు, ఎందుకురా?" అనో "తినేముందు కళ్ళు మూసుకుంటావేంటి?" అనో అడుగుతాడు. ఆ ప్రశ్నకే జవాబివ్వండి. మనలోని నిరీక్షణకు హేతువు అడిగిన ప్రతివాడికీ సాత్వికంతో సమాధానం చెప్పమని పేతురు రాసింది సరిగ్గా ఇలాంటి ఘడియ కోసమే. యేసు ఎవరో, మీ కోసం ఏం చేశాడో, మీ జీవితంలో ఏం మారిందో మూడు నిమిషాల్లో చెప్పగలిగేలా ముందే ఆలోచించి పెట్టుకోండి. కానీ డైలాగులా కంఠస్థం చేయకండి. మీ ఎదుట ఉన్నవాడు నటుడు. నేర్చుకున్న మాటేదో, లోపలి నుంచి వచ్చిన మాటేదో మొదటి వాక్యంలోనే పట్టేస్తాడు. పల్పిట్ గొంతు వద్దు. "రక్షింపబడ్డావా" అంటే అతనికి అర్థం కాదు. "నేను చేసిన తప్పులకు నాకు క్షమాపణ దొరికింది, అది ఆయన సిలువ మీద ఇచ్చింది" అనండి, అర్థమవుతుంది. సిలువనూ పునరుత్థానాన్నీ మాత్రం మొహమాటపడి దాటేయవద్దు. మంచితనం గురించి మాత్రమే మాట్లాడి ఆపేస్తే మీరు సువార్త చెప్పినట్టు కాదు.

అతను రాత్రంతా స్తుతించి పాడిన దేవుణ్ణి తెల్లారి మీరు తక్కువ చేసి మాట్లాడితే ఆ స్నేహం అక్కడితో సరి. పోలికలు పెట్టకండి. చదవడానికి ఏమైనా ఇవ్వమంటే మొత్తం బైబిలు చేతిలో పెట్టకుండా మార్కు సువార్త విడి పుస్తకం ఇవ్వండి. పదహారు అధ్యాయాలు, ఒకటి రెండు ప్రయాణాల్లో అయిపోతుంది. హార్మోనిస్టు మాస్టారికైతే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చూపించండి. పురుషోత్తమ చౌదరిగారివి మొదలుకొని ఎన్నో కీర్తనలకు పైన రాగం, తాళం వేసి ఉంటాయి. మాస్టారు దాన్ని సంగీతంగానే వాయించి చూసి తిరిగి ఇచ్చేసినా సంతోషించండి. కాటి సీనులో హరిశ్చంద్రుడి నోట ప్రేక్షకులు అడిగి మరీ పాడించుకునే శ్మశాన పద్యాలు వినుకొండ క్రైస్తవ కుటుంబంలో 1895లో పుట్టిన కవి జాషువాగారివి. మన విశ్వాసం ఈ రంగస్థలానికి పరాయిది కాదని చెప్పడానికి ఆ ఒక్క సంగతి చాలు. దాన్ని వాదనకు మాత్రం వాడకండి.

డబ్బు విషయం కాస్త వివరంగా చెప్పాలి. సీజన్ మధ్యలో ఐదొందలో, రెండువేలో చేబదులు అడుగుతారు. ఉంటే ఇవ్వండి. ఇచ్చిన రోజు యేసు మాట ఎత్తవద్దు, తిరిగి ఇవ్వకపోయినా దాన్ని గుర్తు చేస్తూ చర్చికి పిలవవద్దు. ఈ జాగ్రత్త మన ఒంగోలు మిషను చరిత్రలోనే ఉంది. 1876-78లో వచ్చిన ధాత కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలీ ఇప్పించారు. బాప్తిస్మం ఇమ్మని గుంపులుగా వచ్చి అడిగినా, గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఇవ్వలేదు. సహాయం పంచడం ముగిశాకే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. అంతకు ముందు 1866లో బాప్తిస్మం తీసుకున్న తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి. తన పని మీద తిరిగే ఊళ్ళలోనే, తనవాళ్ళకే చెప్పాడు. మీరు చేయబోయేది ఆయన చేసిన పనే.

గొంతు పోయిన నటుడికి "ప్రార్థన చేస్తే రేపటికి వచ్చేస్తుంది" అని హామీ ఇవ్వకండి. గొంతుకు విశ్రాంతి ఇవ్వమనండి, ఆవిరి పట్టమనండి, తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి మీరే తోడు వెళ్ళండి. "నీ కోసం ప్రార్థన చేయమంటావా?" అని అడిగి, ఒప్పుకుంటేనే, నిమిషం లోపు, మామూలు గొంతుతో చేయండి. మీరే దర్శకులై, వేషాలు పంచేది మీరే అయితే, ఆ ట్రూపులో మీ అంతట మీరు ఈ మాట మొదలుపెట్టకండి. వేషం పోతుందన్న భయంతో తలూపేవాళ్ళుంటారు. ఆ రాత్రి నాటకానికి మాట్లాడుకుని వచ్చిన స్త్రీ పాత్రధారిణితో మగవాళ్ళు ఒంటరిగా ఈ సంభాషణ పెట్టుకోవద్దు. చెల్లెళ్ళెవరైనా మాట్లాడితే ఆవిడ మనసు విప్పుతుంది.

ఎవరైనా నిజంగా బాప్తిస్మం దాకా వస్తే, అన్ని సంగతులూ ముందే చెప్పండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాలవారు క్రైస్తవంలోకి వస్తే ఎస్సీ హోదా వర్తించదు, మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సి గ్రూపు కిందికి వస్తారు. అతని పిల్లల చదువు, ఉద్యోగాలు దీనితో ముడిపడి ఉంటాయి. భార్యతో, తల్లిదండ్రులతో మాట్లాడుకోవడానికి నెలలు పట్టినా పట్టనివ్వండి. తరువాత ఏం పోతుందో దాచిపెట్టి తెచ్చిన నిర్ణయం నిలవదు, దాచినవాడు ప్రభువుకు లెక్క చెప్పుకోవాలి.

"నాకొద్దురా, ఈ మాట మళ్ళీ తేకు" అంటే, "సరే అన్నా" అనండి. మరునాటి ఆటలో అతని కిరీటం పట్టీ మీరే బిగించండి. సీజన్ అయిపోయి ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళాక వాట్సాప్‌లో రోజూ వాక్యాలు పంపకండి. పండక్కీ, పిల్లల పరీక్షా ఫలితాలకీ ఫోను చేయండి. అతని పేరు మీ ప్రార్థన పుస్తకంలో రాసుకుని, అతను అడిగేదాకా ఆ సంగతి అతనికి చెప్పకండి.