అద్దె కోసం కొనేటప్పుడు ఎంత పెద్దది కొనాలి?

అందరికీ నమస్కారం.

ఆస్తి కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది, "నా దగ్గరున్న డబ్బుకి ఎంత పెద్దది వస్తుంది?" అని. మనం ఉండటానికైతే అలా అడగడంలో తప్పేమీ లేదు. అద్దె కోసం కొనేటప్పుడు మాత్రం చదరపు అడుగుల కంటే ముందు, ఆ ఆస్తికి ఎంతమంది అద్దె కడతారో చూడాలి.

ఒకే పెద్ద ఇల్లు కొన్నారనుకోండి. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసిన నెల మీ ఆదాయం సున్నా. లోన్ వాయిదా మాత్రం ఆగదు. అదే డబ్బుతో నాలుగు చిన్న ఫ్లాట్లు కొంటే, ఒకటి ఖాళీ అయినా ముప్పాతిక వంతు అద్దె వస్తూనే ఉంటుంది. అవసరానికి ఒకటి అమ్ముకోనూవచ్చు. పెద్ద ఇంట్లోంచి పడగ్గది ఒక్కటీ తీసి అమ్మలేం కదా!

అలాగని చిన్నదే మేలని తీర్మానించేసుకోకండి. చదరపు అడుగు లెక్కన చిన్న ఫ్లాటుకి సాధారణంగా అద్దె ఎక్కువే. కానీ 500 అడుగుల ఫ్లాటులోనూ ఒక వంటగది, 1,500 అడుగుల ఫ్లాటులోనూ ఒక వంటగదే. రిపేర్లు ఎక్కువగా వచ్చేవి అక్కడా, బాత్‌రూముల్లోనూ. పైగా చిన్నవాటిలో ఎక్కువగా ఒంటరిగా ఉండేవాళ్లూ, కొత్త జంటలూ దిగుతారు. ఉద్యోగం మారినా, బిడ్డ పుట్టినా ఖాళీ చేస్తారు. అలా చేసిన ప్రతిసారీ రంగులు, క్లీనింగ్, బ్రోకర్ కమీషన్, మధ్యలో కొన్ని వారాలు ఖాళీ. బడికెళ్లే పిల్లలున్న కుటుంబం పెద్ద ఇంట్లో దిగితే అంత త్వరగా కదలదు. ప్రకటనలో కనిపించే అద్దె శాతంలో, అంటే ధరలో ఏడాది అద్దె ఎంత శాతమో చెప్పే అంకెలో, ఇవేవీ ఉండవు.

మొత్తం బిల్డింగు కొనేటప్పుడు ధర కట్టే పద్ధతే వేరు. విడి ఇంటికైతే చుట్టుపక్కల ఇళ్లు ఎంతకి అమ్ముడయ్యాయో చూస్తారు. మీరు ఎంత చక్కగా నడిపినా, పక్కిళ్ల ధర పడితే మీదీ పడుతుంది. బిల్డింగు కొనేవాడు ఖర్చులు పోను ఏడాదికి ఎంత మిగులుతుందో చూస్తాడు. దాన్ని మార్కెట్లో నడుస్తున్న రాబడి శాతంతో, అంటే అలాంటి బిల్డింగుల ధర మీద ఏడాదికి మిగులుతున్న శాతంతో, భాగిస్తే విలువ వస్తుంది. ఆ శాతం 6 అనుకుందాం. నీళ్ల లీకులు ఆపి, వృథా కరెంటు తగ్గించి ఏడాదికి 12,000 మిగిల్చారంటే, బిల్డింగు విలువ 2 లక్షలు పెరిగినట్టే. నాకు భలే ఇష్టమైన లెక్క ఇది. ఆదాయం తగ్గినా ఇదే లెక్కండోయ్.

అప్పిచ్చేవాళ్లూ సైజును బట్టే మాట మారుస్తారు. అమెరికాలో నాలుగు యూనిట్ల దాకా, అంటే నాలుగు విడి ఇళ్లున్న బిల్డింగు దాకా, ఇంటి లోన్ దొరుకుతుంది. ఐదో యూనిట్ చేరిందా, అది కమర్షియల్ లోన్. అప్పుడు మీ జీతం కంటే ఆ బిల్డింగు ఆదాయాన్నే ఎక్కువగా చూస్తారు.

నన్నడిగితే అన్నిటికంటే టెన్షన్ పెట్టేది మధ్యరకం, అంటే ఎనిమిదో పదో ఫ్లాట్లున్న బిల్డింగు. మేనేజర్ని పెడితే అద్దెలో పెద్ద ముక్క జీతానికే పోతుంది. మనమే చూసుకుందామంటే ఉద్యోగం చేస్తూ కుదరదు. లిఫ్ట్ ఖర్చు వంద ఫ్లాట్లకి పంచితే తెలియదు గానీ, పదింటికి పంచితే గట్టిగానే తెలుస్తుంది. అలాంటిది చౌకగా వస్తోందంటే, గత రెండు మూడేళ్ల అద్దె రశీదులూ రిపేరు బిల్లులూ చూపించమని అడగండి. అవి చూపించకుండా అడ్వాన్సు కోసం తొందరపెడితే లేచి వచ్చేయండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.